దారి ఎవరు గీశారు? - లండన్ తొలి భూగర్భ రైలు మార్గం

ప్రపంచంలో మొట్టమొదటి భూగర్భ రైలు మార్గం 1863 జనవరి 10వ తేదీన లండన్ నగరంలో ప్రజల రాకపోకలకు తెరవబడింది. పడమట పాడింగ్టన్ నుంచి తూర్పున ఫారింగ్డన్ వీధి దాకా దాని పొడవు నాలుగు మైళ్ళకు కొంచెం తక్కువ. స్టేషన్లు ఏడు. కట్టింది మెట్రోపాలిటన్ రైల్వే అనే ప్రైవేటు కంపెనీ. ఈ మార్గం మీద ఇంగ్లీషులో వచ్చిన పుస్తకాలు ఒక బీరువా నింపుతాయి. వాటిలో అధికభాగం ఇంజన్లను గురించీ, ఇటుక కమానులను గురించీ, సొరంగంలోని పొగను గురించీ ముచ్చటగా చెపుతాయి. దారి అటే ఎందుకు పోయింది, మరోవైపు ఎందుకు పోలేదు అని అడిగితే మాత్రం నేల వాలు అలా వుంది, రోడ్డు అలా వుంది అని వూరుకుంటాయి. నేల వాలు నిజమే. ఐతే మహానగరంలో నేలకు వాలుతోపాటు యజమాని కూడా వుంటాడు. ఆ యజమానిని లెక్కలోకి తీసుకోకుండా రాసిన రైలు చరిత్ర సగం చరిత్ర.

1801లో సుమారు 10 లక్షలున్న లండన్ జనాభా 1851 నాటికి 23 లక్షలు దాటింది. ఇంత జనమూ కాళ్ళమీద నడిచే జనం. రేవులో మూటలు మోసేవాడు, కూరగాయల బజారులో బండి తోసేవాడు, దర్జీ, అచ్చుకూటం పనివాడు, వీళ్ళంతా పని దొరికే చోటుకు నడకదూరంలో కాపురముండి తీరాలి. తెల్లవారకముందే వెళ్ళి నిలబడితేనే ఆ రోజు కూలి. కనుక నగరం నడిబొడ్డున ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం కిక్కిరిసి బతికేది. ఊరి వెలుపల గాలీ వెలుతురూ వున్నా, అక్కడినుంచి నడిచి వచ్చి పదిగంటలు పనిచేసి తిరిగి నడిచిపోగల శరీరం ఎవరికీ లేదు. మురికివాడ పేదవాడి అలవాటు కాదు. అది ఆనాటి కూలి విధానానికి అవసరమైన వసతి.

1830ల నుంచీ రైళ్ళు లండన్ చుట్టూ వచ్చి ఆగుతున్నాయి. నగరం లోపలికి రావాలని ప్రతి కంపెనీకీ ఆత్రుత. 1846లో ఒక రాజకమిషన్ కూర్చుని ఆ ప్రతిపాదనలను విచారించింది. ఉత్తరదిక్కున పాడింగ్టన్ నుంచి ఇస్లింగ్టన్ వైపు పోయే న్యూ రోడ్డును ఎల్లగా పెట్టి, దానికి దక్షిణంగా రైళ్ళు రాకూడదని నిర్ణయించింది. ఆస్తులకు కలిగే నష్టంతో పోలిస్తే ప్రజలకు కలిగే లాభం స్వల్పమని దాని భావం. ఆ రోడ్డుకు దక్షిణాన వున్నవి ఎవరి ఆస్తులు? బెడ్‌ఫర్డ్ డ్యూకువి, పోర్ట్‌లండ్ డ్యూకువి, పోర్ట్‌మన్ ప్రభువువి. వీధులకు వీధులు, పేటలకు పేటలు ఒక్కొక్క కుటుంబం కింద వుండేవి. అందుచేత పాడింగ్టన్, యూస్టన్, కింగ్స్ క్రాస్ స్టేషన్లు ఆ సరిహద్దు అంచున వరుసగా నిలిచిపోయాయి. దిగిన జనమంతా గుర్రపు బండ్లలో న్యూ రోడ్డు మీద పడ్డారు. తర్వాత వచ్చిన భూగర్భ రైలు ప్రధానంగా ఈ సరిహద్దు రేఖ కిందనే తవ్వబడింది. భూస్వాములు గీసిన గీతమీదుగా రైలు నడిచిందన్నమాట.

ఈ రైలుకోసం అందరికంటె ముందునుంచీ, అందరికంటె గట్టిగా వాదించినవాడు చార్లెస్ పియర్సన్ (1793-1862). లండన్ సిటీ కార్పొరేషన్‌కు ఆయన న్యాయవాది. ఆ కార్పొరేషన్ వర్తకుల, బ్యాంకర్ల కోట. ఆ కోటలో కొలువుచేస్తూనే ఆయన సార్వజనీన ఓటుహక్కును సమర్థించాడు. 1666 నాటి అగ్నిప్రమాదానికి నిలిపిన స్మారకస్తంభం మీద కాథలిక్కులను నిందిస్తూ చెక్కిన మాటలను తీసివేయించేదాకా నిద్రపోలేదు. ఇటువంటి ఉదారవాదులను ఒక్క విశేషణంతో కొట్టిపారెయ్యడం మనలో కొందరికి అలవాటు. పియర్సన్ విషయంలో అది తొందరపాటే అవుతుంది. ఎందుకంటే ఆయన రైలును రైలుకోసం అడగలేదు, ఇళ్ళకోసం అడిగాడు. ఫారింగ్డన్ దగ్గర ఫ్లీట్ లోయలో ఒక కేంద్రస్టేషన్ కట్టాలి. అక్కడినుంచి ఊరి వెలుపలికి చౌకరైళ్ళు నడపాలి. అక్కడ చేతిపనివాళ్ళకూ గుమాస్తాలకూ తోటలతో కూడిన చిన్న ఇళ్ళ గ్రామాలు వెలియాలి. ఇదీ ఆయన పథకం. నడకదూరపు సంకెల తెగితే తప్ప కూలివాడు మురికివాడనుంచి బయటపడలేడని ఆయన స్పష్టంగా గ్రహించాడు.

1846 కమిషన్ ఆ కేంద్రస్టేషన్‌ను తోసిపుచ్చింది. తర్వాత పథకం ముక్కలు ముక్కలుగా బతికింది. బతికిన ముక్క రైలు, చచ్చిన ముక్క ఇళ్ళు.

కంపెనీకి 1854లో పార్లమెంటు చట్టం దొరికింది గాని డబ్బు దొరకలేదు. క్రిమియా యుద్ధం వచ్చింది, షేర్లు అడిగేవాడు లేకపోయాడు. 1850ల చివరికి కంపెనీని మూసివేసే పరిస్థితి ఏర్పడింది. అప్పుడు ఇద్దరు పెద్ద వాటాదారులు దాన్ని లేవదీశారు. పాడింగ్టన్ స్టేషన్ కల గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1,75,000 పౌన్లు పెట్టడానికి ఒప్పుకుంది. పియర్సన్ పట్టుబట్టగా సిటీ కార్పొరేషన్ 2,00,000 పౌన్ల షేర్లు తీసుకుంది. కార్పొరేషన్ ధర్మానికి తీసుకోలేదు. ఫ్లీట్ లోయలో కొత్త వీధి వేయడానికని పేదల ఇళ్ళు పడగొట్టించిన నేల కొనేవాళ్ళు లేక ఏళ్ళ తరబడి పాడుపడి వుంది. రైలు వస్తే ఆ నేలకు ధర వస్తుంది. మొదట జనరల్ పోస్టాఫీసు దాకా పోవలసిన దారిని ఖర్చు తగ్గించడానికి ఫారింగ్డన్ దగ్గరే ఆపారు. దారికి ఒక కొస గ్రేట్ వెస్టర్న్ గుమ్మంలో, రెండో కొస కార్పొరేషన్ స్థలంలో! పటం చూసే విద్యార్థి ముందు ఈ రెండు కొసలనూ చూడాలి. నేల వాలు సంగతి ఆ తర్వాత.

ఇక్కడ మనకు సంబంధించిన సంగతి ఒకటి వుంది. తమ నగరంలో తమ కాళ్ళకిందికి వచ్చే రైలుకు లండన్ మదుపుదారులు వెనుకాడిన ఆ సంవత్సరాలలోనే, వారి డబ్బు ఇండియా రైల్వే కంపెనీలకు ప్రవహించింది. కారణం సులభం. ఇండియా రైలు లాభం తెచ్చినా నష్టం తెచ్చినా పెట్టుబడిమీద అయిదు శాతం దాకా వడ్డీకి ప్రభుత్వం హామీ వుంది. ఆ హామీ మన రైతు కట్టే శిస్తులోంచి తీరేది. కడప, గుత్తి మీదుగా రాయచూరు వైపు దారి వేసిన మద్రాసు రైల్వే కంపెనీ కూడా ఈ హామీ మీద బతికినదే. లండన్‌లో నష్టభయం మదుపుదారుడిది, రాయలసీమలో నష్టభయం రైతుది. సాహసమే పెట్టుబడిదారుడి గుణమని పాఠ్యపుస్తకాలు చెపుతాయి కనుక ఈ మాట గుర్తుచేయవలసి వచ్చింది.

పని 1860లో మొదలయింది. ఇంజనీరు జాన్ ఫౌలర్. తవ్విన పద్ధతి మోటుది. రోడ్డును పైనుంచి కందకంగా తవ్వి, రెండువైపులా ఇటుకగోడలు లేపి, పైన కమాను కట్టి, మట్టి కప్పి, మళ్ళీ రోడ్డు వెయ్యడం. కందకం వెడల్పు 33 అడుగుల పైచిలుకు. ఈ పద్ధతిలో దారి ఇళ్ళకిందుగా పోవాలంటే ఇళ్ళను ముందు పడగొట్టాలి. వీధికిందుగా పోతే పరిహారం ఇవ్వనక్కరలేదు. కనుక పాడింగ్టన్ వైపు నుంచి కింగ్స్ క్రాస్ దాకా చాలాభాగం దారి న్యూ రోడ్డు పొట్టకిందనే సాగింది. ఆ రోడ్డును 1750లలో స్మిత్‌ఫీల్డ్ సంతకు పశువులను తోలుకుపోవడానికి వేశారు. అంచునుంచి 50 అడుగుల లోపల ఇల్లు కట్టకూడదని ఆనాటి చట్టం. ఆ వెడల్పు నూరేళ్ళ తర్వాత కంపెనీకి కలిసివచ్చింది. దుకాణదారులు నెలల తరబడి బేరాలు లేక గొణిగారు గాని, రోడ్డు పక్కనున్న పెద్దల మేడలు దాదాపు చెక్కుచెదరలేదు.

కింగ్స్ క్రాస్ దాటగానే దారి రోడ్డును వదిలిపెట్టింది. దక్షిణానికి తిరిగి, క్లెర్కెన్‌వెల్ గుట్టకింద 728 గజాల సొరంగం గుండా పోయి, ఫ్లీట్ లోయలో పైకప్పు లేని కోతగా ఫారింగ్డన్ చేరింది. ఫ్లీట్ ఒకప్పటి నది, అప్పటికి మురుగుకాలువ. డికెన్సు "ఆలివర్ ట్విస్ట్" చదివినవారు శాఫ్రన్ హిల్, ఫీల్డ్ లేన్ పేర్లు మరచిపోరు. పిల్లదొంగలను పెంచే ఫేగిన్ కొంప వున్నది ఈ లోయలోనే. ఇక్కడ వీధికింద నక్కి పోవలసిన పని కంపెనీకి లేకపోయింది. ఇళ్ళు పడగొట్టడమే చౌక.

ఎందుకు చౌక? ఇంటి యజమానికి పరిహారం దక్కుతుంది. లీజుదారుకు దక్కుతుంది. దుకాణదారుకు కొంత దక్కుతుంది. వారంవారం అద్దె కట్టి వుండేవాడికి చట్టంలో చోటే లేదు. వారంరోజుల నోటీసు ఇస్తే చాలు, వాడు లేనట్టే లెక్క. షాఫ్ట్స్‌బరీ ప్రభువు ప్రయత్నంవల్ల 1853లో పార్లమెంటు ఒక నిబంధన చేసింది. రైలు బిల్లు తెచ్చే ప్రతి కంపెనీ ఎంతమంది శ్రామికుల ఇళ్ళు పోతాయో లెక్క చూపాలి. లెక్క చూపాలి, అంతే. వారికి మళ్ళీ ఇళ్ళు కట్టి ఇవ్వాలన్న షరతు 1870ల దాకా రాలేదు. వచ్చిన తర్వాత కూడా చాలాకాలం కాగితం దాటలేదు. విలియం డెంటన్ అనే ఒక మతాచార్యుడు తన పేటలోని పేదలు చెల్లాచెదరవుతుంటే చూడలేక, 1861లో రైల్వేలు పేదలను ఎలా తొలగిస్తున్నాయో వివరిస్తూ ఒక కరపత్రం అచ్చువేశాడు. కంపెనీ తాను తరిమినట్టు కనబడకుండా, యజమానిచేతనే ముందుగా అద్దెవాళ్ళను ఖాళీచేయించి తర్వాత ఇల్లు కొనే పద్ధతి వుండేది. ఖాళీ ఇంట్లో లెక్కపెట్టడానికి మనిషి ఎక్కడ? ఐనప్పటికీ 1853 నుంచి 1901 దాకా లండన్‌లో రైలు కంపెనీలన్నీ స్వయంగా ఒప్పుకున్న సంఖ్య 76,000. ఒప్పుకోనిది దీనికి అదనం.

మురికివాడ పోతే మంచిదే కదా అని ఆనాటి పత్రికలు సంబరపడ్డాయి. ఈ వాదం మన దగ్గరా కొత్తది కాదు. మనుషులు ఎక్కడికి పోయారని అడిగితే ఆ వాదం నోరు మూతపడుతుంది. పని వదులుకోలేనివాళ్ళు పక్కవీధికే పోయారు. నిన్న ఒక గదిలో ఒక కుటుంబముంటే ఈవేళ రెండు, గది అద్దె అంతకంటె ఎక్కువ. లండన్‌లోనే కాపురముంటూ ఈ కూల్చివేతలను చూస్తున్న మార్క్సు, 1867లో వెలువడిన "పెట్టుబడి" మొదటి సంపుటిలో నగరాల అభివృద్ధి పేదలను మరింత ఇరుకైన బొరియలలోకి నెట్టుతున్నదని ఆరోగ్యశాఖ నివేదికల ఆధారంతోనే నిరూపించాడు. 1872లో ఎంగెల్సు గృహసమస్య మీద రాసిన వ్యాసాలలో, బూర్జువా వర్గం ఈ సమస్యను పరిష్కరించదు, ఒక చోటనుంచి మరొక చోటుకు జరుపుతుంది అన్నాడు. ఫ్లీట్ లోయ దానికి అప్పటికే నిలువెత్తు సాక్ష్యం.

ఇక తవ్వినవాళ్ళ సంగతి. 1859-60లో లండన్ భవననిర్మాణ కార్మికులు రోజుకు తొమ్మిది గంటల పనికోసం పెద్ద పోరాటం చేశారు. యజమానులు లాకౌటు ప్రకటించి, సంఘంలో చేరమని సంతకం పెట్టినవాడికే పని అన్నారు. ఆ పోరాటం నుంచే లండన్ కార్మికసంఘాల మండలి పుట్టింది. అది చల్లారిన ఏటనే మెట్రోపాలిటన్ తవ్వకం మొదలయింది. ఏ సంఘమూ అండగా లేని మట్టిపని కూలీలు పార, గునపం, తోపుడుబండ్లతో ఆ కందకాన్ని తవ్వారు. 1862 జూన్‌లో ఫ్లీట్ మురుగుకాలువ గోడ బద్దలై దారినిండా మురుగు ముంచెత్తింది. అదంతా తోడి మళ్ళీ కట్టినవాళ్ళూ వాళ్ళే. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఫౌలర్‌కు ఈ కంపెనీనుంచి ముట్టిన మొత్తం 1,52,000 పౌన్లు. తర్వాతి కాలపు చైర్మన్ వాట్కిన్‌కే అది చూసి కళ్ళు తిరిగాయి. పియర్సన్ రైలు నడవడం చూడకుండానే 1862 సెప్టెంబరులో కన్నుమూశాడు. ఆయన భార్యకు కంపెనీ ఏటా 250 పౌన్ల భరణం ఏర్పాటు చేసింది.

ప్రారంభోత్సవపు విందు జనవరి 9న జరిగింది. 78 ఏళ్ళ ప్రధాని పామర్‌స్టన్, ఈ వయసులో భూమిపైన వున్నన్నాళ్ళు వుంటే చాలునని చమత్కరించి రాలేదని చెప్పుకుంటారు. మర్నాడు ఎక్కిన జనం సుమారు 38,000. మొదటి పన్నెండు నెలల్లో 95 లక్షల ప్రయాణాలు. పెట్టెలలో గ్యాసు దీపాలు, ముందు ఆవిరి ఇంజను, చుట్టూ గంధకపు పొగ. ఐనా జనం ఎక్కారు. ఎందుకంటే అవసరం నిజమైనది. పెట్టెలు మూడు తరగతులు, టిక్కెట్లు ఆరు, నాలుగు, మూడు పెన్నీలు. పొగ మాత్రం అన్ని తరగతులకూ సమానంగా పంచబడింది.

1864 మేలో కంపెనీ ఉదయం ఆరుగంటలలోపు రెండు కూలీల రైళ్ళు ప్రవేశపెట్టింది. రానుపోను మూడు పెన్నీలు. అంటే ఆరురోజుల వారానికి ఒకటిన్నర షిల్లింగు. మామూలు మూడోతరగతి రానుపోను టిక్కెట్టు అయిదు పెన్నీలు, వారానికి రెండున్నర షిల్లింగులు. మరుసటి ఏడు పత్రికారచయిత హెన్రీ మేహ్యూ ఆ రైలెక్కి కూలీలను పలకరించాడు. పడమటి శివారులో కాపురం పెట్టినవాళ్ళు, నడక తప్పిందనీ, లోపల ఒక్క గదికిచ్చే అద్దెతో బయట రెండు గదులు దొరికాయనీ చెప్పారు. ఈ రెండో గదిని మనం చులకన చెయ్యకూడదు. వర్గదృష్టి అంటే పేదవాడికి దక్కిన మేలును కూడా లేదనడం కాదు. పియర్సన్ లెక్క తప్పలేదని ఆ రెండో గది రుజువుచేసింది. ఐతే ఆ గది ఎంతమందికి? రోజుకు రెండు రైళ్ళ జనానికి. కూలీల రైళ్ళను పార్లమెంటు అన్ని కంపెనీలమీదా చట్టంతో రుద్దడానికి 1883 దాకా పట్టింది. అప్పటికే ఈ షరతు పడిన గ్రేట్ ఈస్టర్న్ రైల్వేలో, పని ఎనిమిదింటికి మొదలయ్యేవాళ్ళు కూడా చౌక టిక్కెట్టుకోసం చీకటితోనే దిగి వీధుల్లో పొద్దుపుచ్చేవాళ్ళు. ఆ దారిపొడుగునా ఎడ్మంటన్, వాల్తమ్‌స్టో కార్మికుల ఊళ్ళయ్యాయి. మెట్రోపాలిటన్ దారిపొడుగునా కాలేదు.

1868లో ఈ దారిని పాడింగ్టన్ నుంచి దక్షిణంగా బేజ్‌వాటర్ మీదుగా పొడిగించారు. బేజ్‌వాటర్ సంపన్నుల పేట. అక్కడ లెన్‌స్టర్ గార్డెన్స్ అనే వీధిలో ఒకే తీరుగా కట్టిన మేడల వరుస వుంది. దారి 23, 24 నంబర్ల ఇళ్ళను అడ్డంగా కోసుకుంటూ పోవలసి వచ్చింది. ఇంజన్లు పొగ వదలడానికి అక్కడ పైకప్పు లేకుండా వుంచాలి. ఇళ్ళు తీసేస్తే మేడల వరుసలో పన్ను వూడినట్టుంటుంది, పక్కవాళ్ళ ఇళ్ళ విలువ పడిపోతుంది. అందుకని కంపెనీ ఆ రెండు ఇళ్ళ స్థానంలో ఉత్తుత్తి ముఖగోడ కట్టించింది. తలుపులు తెరుచుకోవు. కిటికీలకు అద్దాలు లేవు, రంగు పూసిన దిమ్మలు. గోడ మందం అయిదు అడుగులు, దాని వెనుక గొయ్యి. ఆ గోడ ఇప్పటికీ వుంది, యాత్రికులు వెళ్ళి వింతగా చూస్తారు. నాకు మాత్రం ఆ గోడ వింతకంటె ఎక్కువ చెపుతుంది. ఫ్లీట్ లోయలో నిజమైన ఇళ్ళు పోయినప్పుడు అందులో వున్న మనుషుల సంఖ్యను దాచారు. బేజ్‌వాటర్‌లో మనుషులే లేని ఇళ్ళను కట్టి నిలబెట్టారు.

1884లో లండన్ లోపలి వలయం పూర్తయింది. ఈలోగా మెట్రోపాలిటన్ వాయవ్యదిశగా పల్లెల్లోకి పాకింది. రైలు కంపెనీలు తమకు మిగిలిన భూమిని అమ్మివేయాలని సాధారణ న్యాయం. మెట్రోపాలిటన్ మాత్రం ఆ భూమిని తన దగ్గరే వుంచుకుని ఇళ్ళస్థలాలుగా వినియోగించుకునే ప్రత్యేకాధికారాన్ని పార్లమెంటునుంచి సంపాదించింది. 1919లో దీనికోసం మెట్రోపాలిటన్ రైల్వే కంట్రీ ఎస్టేట్స్ అనే కంపెనీ వెలిసింది. పచ్చికబయళ్ళూ, ఎర్రపెంకుల ఇళ్ళూ, రైలులో ఇరవై నిమిషాల్లో పట్నం అంటూ "మెట్రోలాండ్" పేరుతో పుస్తకాలు వేసి ప్రచారం చేశారు. పియర్సన్ చెప్పిన తోట ఇళ్ళే ఇవి! కాని కొనుక్కోగలవాళ్ళకు. చేతిపనివాడికని మొదలైన కల, నెలజీతం భద్రంగా వున్న మధ్యతరగతి చేతిలో వాయిదాల ఇల్లయింది. రైలు వచ్చేముందు పొలంగా కొన్న నేల, రైలు వచ్చాక ఇళ్ళస్థలమై కంపెనీ లాభమయింది. ఆ విలువను పెంచింది తవ్విన కూలీ, ఎక్కిన ప్రయాణీకుడు.

1933 జూలై 1న లండన్ రవాణా అంతా ఒక ప్రభుత్వ బోర్డు కిందికి వచ్చింది. మెట్రోపాలిటన్ యాజమాన్యం చివరిదాకా పెనుగులాడింది గాని లాభం లేకపోయింది. పట్టాలు, సొరంగాలు, స్టేషన్లు, బండ్లు బోర్డు ఆస్తి అయ్యాయి. కంట్రీ ఎస్టేట్స్ వేరే కంపెనీ కనుక బోర్డు పరిధిలోకి రాలేదు. దాని స్థలాల అమ్మకం ఆ తర్వాత కూడా వాటాదారుల లెక్కలోనే సాగింది.